కరువు నిధి కాబూల్ దారి పట్టింది

1877 చివర్లో మద్రాసు రాజధానిలో ఉప్పు పన్ను మణుగుకు రూపాయి పదమూడణాల నుంచి రెండున్నర రూపాయలకు పెరిగింది. ధాత సంవత్సరపు మహా కరువు అప్పటికింకా ఊళ్లు వదిలి పోలేదు. బళ్లారి జిల్లాలో 1871, 1881 జనాభా లెక్కల మధ్య దాదాపు ఐదో వంతు మనుషులు తగ్గిపోయారు. అనంతపురం అప్పట్లో బళ్లారిలో భాగం. విడి జిల్లా అయింది 1882లో. గుత్తి, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో బతికి బట్టకట్టినవాళ్లు సంగటిలో వేసుకునే ఉప్పుకి కూడా మునుపటికన్నా ఎక్కువ కట్టాల్సి వచ్చింది.

ఉప్పు సంగతికి ప్రభుత్వం చెప్పిన సంజాయిషీ వేరు. దేశమంతటా పన్ను సమం చేస్తున్నామన్నది. దానికి తోడు మరో కొత్త పన్ను వచ్చింది. వ్యాపారాలకు, చేతివృత్తులకు లైసెన్సు పన్ను. సర్కారు ఉద్యోగులకూ, వకీళ్లలాంటి వాళ్లకూ మొదట్లో అది వర్తించలేదు. అంగడి పెట్టుకున్నవాడికి మాత్రం తప్పలేదు. దీనికి చెప్పిన కారణం వినడానికి చాలా బాగుంది. మళ్లీ కరువు వస్తే జనాన్ని కాపాడేందుకు ఏటా కోటిన్నర రూపాయలు మిగులు చూపిస్తాం, అందుకే ఈ పన్ను అన్నారు ఆర్థిక వ్యవహారాలు చూసే సర్ జాన్ స్ట్రేచీ. దానికి కరువు బీమా అని పేరు.

1878 నవంబరు 21న బ్రిటిష్ సేనలు అఫ్గానిస్తాన్ సరిహద్దు దాటాయి. మరుసటి ఏడాది బడ్జెట్ వచ్చేసరికి కరువు బీమా కేటాయింపు ఆగిపోయింది. పన్ను మాత్రం ఆగలేదు. అడిగినవాళ్లకు వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం చెప్పిన జవాబు గడుసుగా ఉంది: విడిగా పెట్టెలో డబ్బు దాచిపెడతామని మేమెప్పుడన్నాం, మిగులు ఉంటుందని కదా అన్నాం!

ఒక దేశం మరో దేశం మీదికి సైన్యాన్ని పంపేటప్పుడు జనం మద్దతు ఎలా కూడగడుతుంది అన్న ప్రశ్నకు సాధారణంగా అబద్ధాల జాబితా ఒకటి జవాబుగా వస్తుంది. శత్రువు చేయని అఘాయిత్యాలు, లేని ఆయుధాలు, కల్పిత సాక్ష్యాలు. అవన్నీ ఉంటాయి. కానీ ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే ఈ అనంతపురం పీఠభూమి మీద నిలబడి చూస్తే ప్రచారం చేసే అసలు పని ఇంకోటి కనిపిస్తుంది. బిల్లు కట్టేదెవరో కనిపించకుండా చేయడం. శత్రువు ఎంత దుర్మార్గుడో చెప్పడానికి ఎన్ని కాలమ్‌లైనా ఖర్చు పెడతారు. ఖర్చు పెట్టేది ఎవరి డబ్బు, పోయేవి ఎవరి ప్రాణాలు, యుద్ధం ముగిశాక ఆ ఊళ్లో ఏం జరిగింది అన్న లెక్క దగ్గరికి వచ్చేసరికి సిరా అయిపోతుంది.

1878 కథ ఈ కోణంలో చూడదగ్గది, ఎందుకంటే యుద్ధ ప్రచారానికి కావాల్సిన యంత్రాంగమంతా అప్పటికే ఇక్కడ సిద్ధమైపోయింది. లిట్టన్ స్వయంగా కవి. మాటల విలువ తెలిసినవాడు. కరువు నడుస్తుండగానే 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారు జరిపించి విక్టోరియాను చక్రవర్తినిగా చాటించిన ఘనుడు. ఆ నెలలోనే కరువు పనుల ఖర్చు తగ్గించేందుకు సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపాడు. టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర చాలన్నాడు. పౌనంటే అర కిలో కూడా లేదు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఇది మనిషి బతకడానికి చాలదని గట్టిగా వాదించాడు. రాళ్లు కొట్టే పనికి వచ్చినవాళ్లు రాళ్ల కుప్పల దగ్గరే పడిపోతున్నారన్న సంగతి లండన్‌కు చేరిందంటే విలియం డిగ్బీ వంటి మద్రాసు పత్రికా సంపాదకుల పుణ్యమే. అంటే పత్రికలు ప్రభుత్వానికి ఎంత ఇబ్బందో లిట్టన్‌కు కరువే నేర్పింది. ఆ పాఠాన్ని ఆయన యుద్ధానికి వాడుకున్నాడు.

ప్రెస్ కమిషనర్ అనే కొత్త ఉద్యోగం ఒకటి సృష్టించి రోపర్ లెత్‌బ్రిడ్జ్‌ను కూర్చోబెట్టాడు. పత్రికలకు ప్రభుత్వ వార్తలు పంచిపెట్టడం ఆయన పని. ప్రభుత్వానికి నచ్చిన వార్తలు అందించే చెయ్యి అదయితే, నచ్చనివి రాసేవాళ్ల మెడ పట్టుకునే చెయ్యి 1878 మార్చిలో వచ్చిన దేశభాషా పత్రికల చట్టం. దాని దెబ్బ తప్పించుకోవడానికి కలకత్తాలో అమృత బజార్ పత్రిక ఒక వారం నుంచి ఇంకో వారానికి బెంగాలీ వదిలేసి ఇంగ్లీషు పత్రికగా మారిపోయింది. యుద్ధం మొదలవడానికి ఎనిమిది నెలల ముందే ఈ రెండు చేతులూ సిద్ధంగా ఉన్నాయన్నది గమనించాలి.

ఇక యుద్ధానికి చెప్పిన కారణం. రష్యా వస్తోందన్నది మొదటి కారణం. జులైలో రష్యన్ రాయబారి స్టోలెటోవ్ కాబూల్ చేరిన మాట నిజమే. అయితే అదే నెలలో బెర్లిన్ మహాసభ యూరప్‌లో రష్యాతో యుద్ధ ప్రమాదాన్ని తప్పించింది. స్టోలెటోవ్ ఆగస్టులో వెనక్కి వెళ్లిపోయాడు. కారణం ఆవిరైపోయింది కాబట్టి కొత్త కారణం కావాలి. సెప్టెంబరు 21న ఖైబర్ కనుమలో అలీ మసీదు దగ్గర బ్రిటిష్ రాయబార బృందాన్ని అఫ్గాన్ అధికారి ఫైజ్ మహమ్మద్ ముందుకు పోనివ్వలేదు. ఫైజ్ మహమ్మద్ మర్యాదగానే మాట్లాడాడనీ, అఫ్గాన్ పాలకుడైన అమీరు నుంచి అనుమతి లేదని మాత్రమే చెప్పాడనీ అక్కడికి వెళ్లిన అధికారుల నివేదికల్లోనే ఉంది. పత్రికల్లోకి వచ్చేసరికి అది సామ్రాజ్యానికి జరిగిన ఘోర అవమానమైంది. రష్యా భయం పోయిన చోట అవమానం కూర్చుంది. దండయాత్ర మాత్రం మారలేదు.

బ్రిటన్‌లో భారత వ్యవహారాల మంత్రి క్రాన్‌బ్రూక్ నవంబరు 18 తేదీతో ఒక లేఖ రాసి, పార్లమెంటు ముందు పెట్టకముందే పత్రికలకు ఇచ్చేశాడు. అమీరు మనకు దూరమవడానికి 1873లో ఉన్న లిబరల్ ప్రభుత్వమే కారణమని దాని తొమ్మిదో పేరా చెప్పింది. అసలు ఉత్తర ప్రత్యుత్తరాలు చూసినవాళ్లు అది తప్పుదోవ పట్టించే మాట అని తేల్చి చెప్పారు. కానీ ఆ కాగితాలన్నీ అచ్చయి బయటికొచ్చేనాటికి సేనలు సరిహద్దు దాటాయి, తొలి గెలుపు తంతి వార్తలు రావడం మొదలయింది. ప్రచారంలో కాలమే అసలు కిటుకు. నిజం దాగదు, నిదానంగా వస్తుంది, అంతే. అది వచ్చేలోపు జెండా కట్టేసి ఉంటుంది.

డిసెంబరులో పార్లమెంటు చేసిన తీర్మానం చదివితే నాకు కోపం కన్నా ఆశ్చర్యం ఎక్కువ వేస్తుంది. భారతదేశ ఆదాయాన్ని సరిహద్దు బయటి యుద్ధానికి వాడాలంటే పార్లమెంటు అనుమతి తప్పనిసరి అని 1858 చట్టంలో ఉంది. ఆ అనుమతి ఇచ్చేశారు. హెన్రీ ఫాసెట్ అనే కంటిచూపు లేని సభ్యుడు ఒక సవరణ పెట్టి ఈ ఖర్చు భారతీయుల నెత్తిన రుద్దడం అన్యాయమన్నాడు. ఓడిపోయాడు. యుద్ధానికి సై అన్న ఓటరు లండన్‌లో ఉన్నాడు, బిల్లు కట్టేవాడు కళ్యాణదుర్గంలో ఉన్నాడు. ఇద్దరి మధ్య వేల మైళ్లు, ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ప్రచారానికి ఇంతకన్నా అనుకూలమైన ఏర్పాటు ఉండదు.

బిల్లు మాత్రం ఎల్లకాలం దాగలేదు. 1880 ఎన్నికల్లో లిబరల్ నేత గ్లాడ్‌స్టన్ గెలిచిన వెంటనే, స్ట్రేచీ చూపిన సైనిక ఖర్చు అంచనాలు అసలు ఖర్చులో సగం కూడా కావని బయటపడింది. పొరపాటా, ఎన్నికల దాకా దాచిన గుట్టా అన్న వాదన అప్పుడూ నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వం అందులో 50 లక్షల పౌండ్లు భరించింది. మిగతాది మన ఖాతాలోనే పడింది. కందహార్ నుంచి సేనలు వెనక్కొచ్చేశాయి. కొత్త వైస్రాయి రిపన్ వచ్చి ప్రెస్ కమిషనర్ కుర్చీనీ, దేశభాషా పత్రికల చట్టాన్నీ తీసేశాడు. ఆగిన కరువు బీమా మళ్లీ మొదలైంది.

అరవై ఏళ్ల తర్వాత ఈ పీఠభూమి మీదే ఒక యువకుడు సరిగ్గా ఆ బిల్లు గురించే పుస్తకం రాశారు. తరిమెల నాగిరెడ్డి. తరిమెలలో భూస్వామి ఇంట 1917లో పుట్టి, మద్రాసులోనూ కాశీలోనూ చదివి వచ్చిన మనిషి. 1939 సెప్టెంబరులో వైస్రాయి లిన్‌లిత్‌గో ఎవరినీ అడగకుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. మద్రాసులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. జిల్లాల్లో తహసీల్దార్లు, గ్రామాధికారులు యుద్ధ నిధికి చందాలు వసూలు చేయడం మొదలుపెట్టారు. అప్పుడు, 1940లో, యుద్ధమూ దాని ఆర్థిక ప్రభావమూ అన్న విషయం మీద నాగిరెడ్డి తెలుగులో పుస్తకం వెలువరించారు. ఫలితం తిరుచిరాపల్లి జైలు.

జర్మనీని పొగిడినందుకు కాదు, రహస్యాలు చేరవేసినందుకు కాదు. యుద్ధం ఎవరి జేబు కొడుతుందో చెప్పడమే అక్కడ నేరం. తర్వాత జరిగింది చూస్తే ప్రభుత్వం ఎందుకంత ఉలిక్కిపడిందో అర్థమవుతుంది. బ్రిటన్ తన యుద్ధానికి ఇక్కడ కొన్న సరుకులకు లండన్‌లో అప్పు చీటీ రాసిచ్చింది, దాని మీద ఇక్కడ రిజర్వు బ్యాంకు నోట్లు అచ్చేసింది. చలామణిలో ఉన్న డబ్బు యుద్ధ కాలంలో ఐదారింతలయింది. బర్మా 1942లో జపాన్ చేతికి పోవడంతో అక్కడి బియ్యం ఆగాయి. ధర పెరగడమంటే పన్ను వేయకుండా పన్ను వసూలు చేయడమే. దానికి శాసనసభ ఓటు కూడా అక్కర్లేదు. యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్ మనకు బాకీపడ్డది 130 కోట్ల పౌండ్ల పైచిలుకు.

ఇక్కడ ఒక చేదు మలుపు కూడా చెప్పాలి, లేకపోతే వ్యాసం ఒకవైపే ఒరుగుతుంది. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ యూనియన్ మీద పడ్డాడు. అప్పటిదాకా సామ్రాజ్యవాద యుద్ధమన్న కమ్యూనిస్టు పార్టీకి కొద్ది నెలల్లో అది ప్రజాయుద్ధమైంది. 1942 జులైలో పార్టీ మీద నిషేధం తొలగింది. ఫాసిజాన్ని ఓడించాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ అప్పటిదాకా తాము ఎత్తిచూపిన లెక్క యుద్ధం తమకు నచ్చగానే ఎక్కడికి పోయింది? ధరలు పెరగడం ఆగలేదు, నోట్లు అచ్చేయడం ఆగలేదు. 1943లో బెంగాల్‌లో లక్షలాది మంది ఆకలితో చనిపోయారు. పార్టీ సహాయ శిబిరాలు నడిపింది నిజమే. ఆ ఆకలికి యుద్ధంతో ఉన్న సంబంధాన్ని మాత్రం మునుపటి గొంతుతో చెప్పలేకపోయింది. లెక్క కనిపించకుండా చేయడం ప్రభుత్వాలకే చేతనైన విద్య కాదు. ఒక పక్షం ఎంచుకున్న ప్రతివాడూ ఎంతో కొంత చేస్తాడు.

దీనికి అన్నిటికన్నా కష్టమైన ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. హైదరాబాద్, 1948. అనంతపురానికి ఇది పక్కింటి వ్యవహారం కాదు. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్త మండలాలు ఇవే. పోయిన ప్రాంతాలు తిరిగి రావాలన్న ఆశ హైదరాబాద్ వర్గాల్లో బతికే ఉండేది. బంగాళాఖాతం అలలు నిజాం పాదాలు కడిగే రోజు వస్తుందని, నిజాంకు అండగా నిలిచిన సాయుధ దళం రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అన్నట్టు 1948 వసంతంలో పత్రికలు రాశాయి. అలా అనలేదని హైదరాబాద్ వైపు వాళ్లు ఖండించారు. అన్నాడో లేదో గానీ ఆ మాట చదివిన కోస్తావాడికీ, సీమవాడికీ అది తన నేల గురించిన మాటే. మే 22న గంగాపూర్ స్టేషన్లో రజాకార్లు మద్రాసు–బొంబాయి రైలు మీద పడ్డారు. ఆ రైలు దారి గుంతకల్లు మీదుగానే. కర్నూలుకూ బెజవాడకూ వచ్చిపడిన కాందిశీకులు చెప్పినవి పుకార్లు కావు. ఆగస్టులో ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్ వీధిలో చంపేశారు. ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో ఊరి మగవాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చేశారు. భారత ప్రభుత్వం శ్వేతపత్రం ప్రకటించింది. అందులో అతిశయోక్తులు ఉన్నా అబద్ధపు కథ మాత్రం కాదు.

సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాద్ మీదికి కదిలాయి. 17 సాయంత్రానికి నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. పోలీసు చర్య అని పేరు పెట్టారు. ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో అప్పటికే హైదరాబాద్ ఫిర్యాదు ఉండడం ఆ పేరుకు ఒక కారణం. సైన్యం వెళ్లాల్సిన అవసరం ఉందనే నా అభిప్రాయం. జనం మద్దతు కూడా ప్రచారం పుట్టించింది కాదు, వాళ్ల అనుభవం పుట్టించింది. సమస్య అక్కడి నుంచే మొదలవుతుంది. కారణం నిజమైనప్పుడు ఆ తర్వాత జరిగినదాన్ని అడిగే నోరు ఉండదు. నవంబరులో నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం జిల్లాలు తిరిగి, సైనిక చర్య సమయంలోనూ తర్వాతా చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని తేల్చింది. ఎక్కువగా ముస్లింలు, ఎక్కువగా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. రజాకార్ల దారుణాలనూ, ముస్లింలను కాపాడిన హిందువులనూ కూడా ఆ నివేదిక రాసింది. నివేదిక బీరువాలోకి వెళ్లింది. మామూలు పాఠకుడు చూడగలిగే స్థితికి రావడానికి 2013 దాకా పట్టింది. తెలంగాణ పల్లెల్లో సైన్యం 1951 దాకా ఉంది, ఈసారి రజాకార్ల మీద కాదు, భూమి పంచుకున్న రైతుల మీద. అయిదు రోజుల కథ సినిమాకు సరిపోతుంది, మూడేళ్ల కథకు నిర్మాత దొరకడు. సెప్టెంబరు 17న ఏ పార్టీ ఏ పేరుతో జెండా ఎగరేయాలన్న పోట్లాట ఏటేటా సాగుతూనే ఉంది గానీ ఆ 27 వేల సంఖ్య మీద ఏ వేదికా నోరు విప్పదు.

కొత్త శతాబ్దం పెద్దగా ఏమీ నేర్చుకోలేదు. ఇరాక్ మీదికి వెళ్లేముందు 2002 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడి ఆర్థిక సలహాదారు లారెన్స్ లిండ్సే ఖర్చు పది వేల నుంచి ఇరవై వేల కోట్ల డాలర్లు అవ్వచ్చన్నాడు. డిసెంబరుకల్లా ఉద్యోగం ఊడింది. 2003 మార్చిలో, సేనలు ఇరాక్‌లో ఉండగా, రక్షణ శాఖ ఉపమంత్రి పాల్ వుల్ఫోవిట్జ్ ఆ దేశం తన చమురు డబ్బుతో తన పునర్నిర్మాణం తానే చేసుకోగలదన్నట్టు చెప్పాడు. చివరికి అమెరికా పెట్టిన నేరు ఖర్చే 80 వేల కోట్ల డాలర్లు దాటింది. లేని ఆయుధాల గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటుంది. లిండ్సే ఉద్యోగం గురించి ఎవరికీ గుర్తులేదు. నా దృష్టిలో రెండోదే పెద్ద వార్త. రష్యా 2022 మార్చిలో, ఉక్రెయిన్ దండయాత్ర సమయంలో, సైన్యం గురించి ‘తప్పుడు’ సమాచారం ఇస్తే పదిహేనేళ్ల దాకా జైలు అని చట్టం తెచ్చింది. 1940లో తిరుచిరాపల్లి చేసిన పనే, కాస్త పెద్ద ఎత్తున.

మన దగ్గర 2025 మే నెలలో జరిగింది దండయాత్ర కాదు. పహల్గాంలో 26 మందిని చంపిన తర్వాత ఉగ్రవాద స్థావరాల మీద జరిపిన దాడి, దాని తర్వాత నాలుగు రోజుల పోరు. అయితే ప్రచారం పనిచేసే తీరు ఆ నాలుగు రోజుల్లో మన ఇళ్లలోనే కళ్లకు కట్టింది. మే 8 రాత్రి జాతీయ ఛానెళ్లు కరాచీ ఓడరేవును మన నౌకాదళం ధ్వంసం చేసిందనీ, ఇస్లామాబాద్ పడిపోయిందనీ చెప్పాయి. తెల్లారేసరికి కరాచీ ఎక్కడిది అక్కడే ఉంది. ఆ రాత్రే నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో గోరంట్ల మండలం కుర్రాడొకడు చనిపోయాడు. అగ్నివీర్‌గా చేరినవాడు. తల్లిదండ్రులు బతుకుదెరువుకు ముంబయి వలస పోయి కూలి చేసిన మనుషులు. వాన లేని ఏడు సీమలో ఎంతోమంది చేసే పని అదే. పేరు జిల్లా అంతటికీ తెలుసు, ఇక్కడ మళ్లీ రాయక్కర్లేదు. స్టూడియోలో కరాచీ తగలబడుతున్న గంటల్లో అసలు జరిగిన మరణం తెర కింది గీతలో కూడా లేదు. అబద్ధపు గెలుపు నిజమైన నష్టాన్ని కప్పేసింది. ఒకటో రెండో ఛానెళ్లు తర్వాత విచారం వెలిబుచ్చాయి. మిగతావి ఆ శ్రమ కూడా పడలేదు.

ఆ పోరులో మన విమానాలు కొన్ని కూలాయన్న సంగతి త్రివిధ దళాల అధిపతి జనరల్ అనిల్ చౌహాన్ నోట మొదట వినిపించింది మే 31న, సింగపూర్‌లో, ఒక విదేశీ టీవీకి ఇచ్చిన ఇంటర్వ్యూలో. ఎన్ని అన్నది చెప్పలేదు. జులై 28న లోక్‌సభలో చర్చ మొదలైనప్పుడు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ ఆ ప్రశ్నకు ఒక పోలిక చెప్పారు. పరీక్ష రాసిన పిల్లవాడి ఫలితం చూడాలి గానీ రాస్తుండగా పెన్సిలు విరిగిందా, పెన్ను పోయిందా అన్నది కాదని. 1878 డిసెంబరులో వెస్ట్‌మినిస్టర్‌లో ఫాసెట్ అడిగింది కూడా పెన్సిలు ఖర్చు ఎవరిదనే. ఓటింగులో ఆయన పక్షం ఓడింది. పెన్సిలు డబ్బులు బళ్లారి జిల్లా కట్టింది.